పెద్దమ్మ ఇంగ్లీషు తిట్లు

హుస్సేనీ ఆలంలో ఆ ఇంటి మేడమీదికి మేం అద్దెకు దిగింది తొంభైల మధ్యలో, ఒక డిసెంబరు ఆదివారం. మాది తెనాలి వైపు. నాకు ప్రభుత్వాఫీసులో గుమాస్తా ఉద్యోగం. మావారు ఒక సర్కారు బడిలో డ్రాయింగు మేష్టారు. అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు.

ఆ ఇంటి మెట్లు ఇరుకు. ఇద్దరు హమాలీలు ఇనప బీరువాను సగం దాకా ఎక్కించి ఆగిపోయారు. పైమెట్టు మీద మావారు తాడు పట్టుకుని నిలబడ్డారు. "వద్దులే, కిందికే దింపెయ్యండి, పడుతుంది" అంటున్నారు కళ్లు మూసుకుని.

కింద వాకిట్లో ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉంది. నేత చీర మీద నీలం రంగు స్వెట్టరు, కాళ్లకు మేజోళ్లు. ఆవిడ మెడ పైకెత్తి, గంట కొట్టినట్టు అరిచింది.

"కమాన్, యూ బిగ్ గర్ల్స్ బ్లౌజ్!"

నేను చప్పున నా జాకెట్టు చూసుకున్నాను. ఎక్కడైనా హుక్కు ఊడిందేమో అనుకున్నాను. ఎమ్మే ఇంగ్లీషు ప్రైవేటుగా కట్టి పాసైనదాన్ని. ఆఫీసులో పైవాళ్లకు వెళ్లే ఉత్తరాల్లో తప్పులు నన్నే చూడమనేవారు. ఆ ఐదు మాటల్లో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు, అర్థం మాత్రం కాలేదు.

బీరువా ఎలాగో పైకెక్కాక కిందికొచ్చి అడిగాను. "పెద్దపిల్ల జాకెట్టంటే ఏమిటండీ?"

"నీ పెనిమిటిని అన్న. ధైర్యం లేని మొగోణ్ణి గట్లనే అంటరు ఇంగ్లండుల."

"ఎందుకలా అంటారు?"

"నాకేమెరుక బిడ్డా? ముప్పై ఏండ్లున్న గాడ, ఎవ్వలు చెప్పలే. తాడు మీద ఆరేస్తె గాలికి అటిటు ఊగుతది సూడు, గందుకేమో!" అని తనే పడీపడీ నవ్వింది.

ఆవిడ మా ఇంటి యజమానురాలికి అక్క. ఇంటాయనకు చార్మినారు దగ్గర పసుపు కుంకాల హోల్‌సేల్ కొట్టు. పొద్దున వెళితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. ఇంట్లో ఉండేది ఈ అక్కచెల్లెళ్లిద్దరే. వీధిలో పిల్లలందరిలాగే మా అమ్మాయీ వాళ్లను పెద్దమ్మ, చిన్నమ్మ అనేది. నాకూ అదే అలవాటైంది. పెద్దమ్మ ఉత్తర ఇంగ్లండులో ఒక ఊరి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక వచ్చేసింది. చిన్నమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

సాయంత్రాలు ఆఫీసు నుంచి రాగానే పెద్దమ్మ దగ్గర కూర్చునేదాన్ని. నా ఎమ్మే సంగతి విన్నప్పటి నుంచి ఆవిడకు నన్ను పరీక్ష చేయడం సరదా. వెట్ లెట్యూస్ అంటే చేవలేని మనిషి. లెట్యూస్ ఎలా ఉంటుందో నేను చూడలేదంటే, "మన గోంగూర కట్ట రాత్రంతా నీళ్లల్ల పడి ఉంటె ఎట్లుంటది? గట్ల" అని చెప్పింది. సిల్లీ సాసేజ్ అంటే ముద్దుగా, చిన్నపిల్లల్ని. మొద్దు మనిషిని రెండు పొట్టి చెక్కలంత మందం అంటారట. పొడుగు చెక్కలైతే తెలివి వస్తుందా అని అడిగితే ఆవిడకు దగ్గొచ్చేదాకా నవ్వాగలేదు. పిలక్ అనే మాట నా లావుపాటి నిఘంటువులో ఎక్కడా లేదు. "బుద్ధితక్కువోడు" అంది పెద్దమ్మ. "బుక్కుల దొరకది. వార్డుల దొరుకుతది."

మరుసటి ఏడు వినాయకచవితికి ఇంటాయన ధూల్‌పేట్ నుంచి మట్టి వినాయకుణ్ణి తెచ్చాడు. పూజ అయ్యాక పంతులుగారు కుంకుమ పళ్లెం పట్టుకుని ఆడవాళ్లందరి దగ్గరికీ వచ్చారు. చిన్నమ్మకు పెట్టుకోమని ఇచ్చారు, నాకిచ్చారు, మా అమ్మాయికిచ్చారు. మధ్యలో కూర్చున్న పెద్దమ్మను దాటి వెళ్లిపోయారు. ఆమె భర్త పోయిన మనిషని ఆయనకు తెలుసు.

పెద్దమ్మ ఎంతో మర్యాదగా చేతులు జోడించింది. "థాంక్యూ, యూ పిలక్."

పంతులుగారు ముచ్చటపడి తన పిలకను చేత్తో నిమురుకున్నారు. "అవునమ్మా. ఇంట్లో పిల్లలు తీసెయ్యమంటారు. నేనే వినలేదు."

నేను వంటింట్లోకి పారిపోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. వెనకాలే వచ్చిన చిన్నమ్మ "ఏమైంది, ఏమన్నది అక్క?" అని నా రెక్క పట్టుకుని ఊపింది. నేను చెప్పలేదు. చిన్నమ్మకు దైవభక్తి ఎక్కువ.

ఆ సాయంత్రమే మా అమ్మాయి వినాయకుడి ముందు పెట్టిన ఉండ్రాళ్లు తీసి, చీమలకు పెడుతూ దొరికింది. దాన్ని ఎత్తుకుని బుగ్గ గిల్లి, "పిచ్చిముండా, చీమలకు నైవేద్యమా?" అన్నాను. మా వైపు అది తిట్టే కాదు. మా అమ్మ నన్ను అంది, మా అమ్మమ్మ మా అమ్మను అంది. ఆడపిల్ల మీద ప్రేమ పొంగితే నోటికొచ్చే మాట అది.

పెద్దమ్మ ముఖంలో నవ్వు పోయింది. "బిడ్డా, దాన్ని గట్ల అనకు."

"ముద్దుకే పెద్దమ్మా."

"ముద్దుకే అంటవు, నాకెరుకే. అయినా అనకు."

ఎందుకో తనే చెప్పింది. పద్దెనిమిదో ఏట భర్త పోతే ఈ ఇంటికే తిరిగొచ్చింది. "ఇగ నా పేరే పోయింది. ముండ లేచిందా, ముండ తిన్నదా, పొద్దుగాల్నె ముండ ఎదురొచ్చె. కన్నతల్లి మా అవ్వ గూడ అన్నది, కోపానికి గాదు, గదే నా పేరన్నట్టు. ఒక్క నా చెల్లె అనలే. పన్నెండేండ్లది అప్పుడు. ఎవరన్న గట్ల పిలిస్తే, 'మా అక్కకు పేరున్నది' అని లొల్లి పెట్టుకునేది."

తండ్రికే జాలి కలిగి, చుట్టాలందరూ వెలేస్తామన్నా వినకుండా నర్సు చదువులో చేర్పించాడట. అక్కణ్ణుంచి ఇంగ్లండు. వార్డులో చేరిన మొదటి వారమే పెద్దమ్మ చేతిలోంచి ట్రే జారి పగిలింది. పెద్ద నర్సు "యూ డాఫ్ట్ కౌ" అని కేకేసింది. అర్థమేమిటని పక్కనున్న పిల్లను అడిగితే, పిచ్చి ఆవు అంటోందని చెప్పిందట.

"నాకు నవ్వాగలే బిడ్డా. ఆవు! మనింట్ల ఆవుకు పసుపు రాసి, బొట్టు పెట్టి మొక్కుతరు. నాకు బొట్టు పెట్టనోళ్లు ఆవుకు పెట్టేటోళ్లు. నన్ను ఆవును జేసిన్రని ఆ రోజంత మస్తు సంబురం నాకు. గా పెద్ద నర్సే తర్వాత నాకు జరమొస్తె మూడు దినాలు పక్కన కూసున్నది. అప్పుడు గూడ డాఫ్ట్ కౌ అనే అన్నది."

అక్కడ ఆమెను రంగును బట్టి అన్నవాళ్లూ ఉన్నారు. ఉన్నారని మాత్రం చెప్పింది. ఆ మాటలేమిటో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి మా అమ్మాయిని ఆ మాట అనడం మానేశాను.

నాలుగైదేళ్లు అలా గడిచాయి. ఒక వానాకాలం పొద్దున నల్లా దగ్గర పెద్దమ్మ పడిపోయి ఉంది. మావారు, ఇంటాయన కలిసి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. మాటా పోయింది. చెప్పింది అర్థమవుతుందిగానీ తిరిగి చెప్పలేదన్నాడు డాక్టరు. పదకొండో రోజున ఇంటికి తెచ్చారు.

ఆ మర్నాడు నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే కిందనుంచి చిన్నమ్మ కేక వినిపించింది. "బిడ్డా! జల్ది రా! అక్క మాట్లాడింది!"

పరుగున దిగాను. చిన్నమ్మ చేతిలో జావ గిన్నె ఉంది. సగం జావ పెద్దమ్మ మెడ మీదుగా దిండు మీదికి కారింది. పెద్దమ్మ చెల్లెల్ని చూస్తూ వంకరపోయిన నోటితో, కానీ స్పష్టంగా, మళ్లీ అంది. "డాఫ్ట్ కౌ."

ఆ సంగతి డాక్టరు తర్వాత వివరంగా చెప్పాడు. మాట పోయినవాళ్లకు కూడా ఆలోచించకుండా నోటికొచ్చే మాటలు ఒక్కోసారి మిగులుతాయట. తిట్లు, దేవుడి పేర్లు, ఒకటీ రెండూ మూడూ అనే లెక్క. పెద్దమ్మకు తెలుగు మిగల్లేదు, దేవుడూ మిగల్లేదు. ముప్పై ఏళ్లు వార్డులో విన్న తిట్లు మిగిలాయి.

అప్పటికి నాకదేమీ తెలియదు. చిన్నమ్మ కళ్లనిండా నీళ్లతో నన్ను చూస్తోంది. "ఏమన్నది? ఇంగ్లీషేనా? ఏమన్నది నన్ను?"

సరిగ్గా సరిపోయే తెలుగుమాట నా నాలిక చివరిదాకా వచ్చింది. పిచ్చిముండా అంటోంది చిన్నమ్మా. అంతకన్నా బాగా ఆ రెండు మాటల్ని ఎవరూ తెలుగు చెయ్యలేరు. అంత ప్రేమా, అంత విసుగూ అందులో ఉన్నాయి. కానీ ఆ మాట ఆ గదిలో నేనెలా అనగలను?

"ఆవు అంటోంది" అన్నాను.

"ఆవా?"

"ఆ. సాధువైన ఆవు అని. గోమాత లాంటిదానివని."

చిన్నమ్మ జావ గిన్నె కింద పెట్టి, అక్క కాళ్లమీద తల ఆనించి ఏడ్చింది. పెద్దమ్మ నన్ను చూసింది. ఆమెకు నేనన్నది అర్థమైంది. ముఖంలో కదిలే సగం మాత్రం నవ్వింది.

తర్వాత ఐదారు నెలలు ఆ ఇల్లు ఆ తిట్లతోనే నడిచింది. కాళ్లూ చేతులూ కదిలించే వ్యాయామం నేర్పడానికి వచ్చిన అబ్బాయి పిలక్. కుడిచెయ్యి వెట్ లెట్యూస్. ఎడమచేత్తో దాన్ని ఎత్తి చూపించి, "వెట్ లెట్యూస్" అని వదిలేసేది. అది టప్పున పక్కమీద పడేది. చెల్లెలు ఎప్పుడూ డాఫ్ట్ కౌ. చిన్నమ్మ అక్కకు స్నానం చేయించింది, బట్టలు మార్చింది, మలమూత్రాలు ఎత్తింది. ఆయాను పెట్టుకోమని మొగుడు చెబితే వినలేదు. పాలవాడికీ గాజులమ్మే ఆవిడకూ ఎదురింటివాళ్లకూ చెప్పుకుంది. "మా అక్క నన్ను గోమాత అంటది. ఇంగ్లీషుల."

కొన్నాళ్లకు తనూ అనడం మొదలుపెట్టింది. ముద్ద నోటి దగ్గర పెట్టి, "తిను, డాఫ్‌కో, జర తిను" అనేది. పెద్దమ్మకు నవ్వొచ్చి ముద్ద కిందపడేది. ఆ నవ్వు కోసం చిన్నమ్మ పూటకు పదిసార్లు అనేది. నేను మెట్లమీంచి వింటూ, చెప్పిన అబద్ధం ఎంత మంచి పని చేసిందో కదా అనుకునేదాన్ని.

చలికాలం మొదట్లో చిన్నమ్మ కూతురూ అల్లుడూ వచ్చారు. అల్లుడి తల్లిదండ్రులూ వెంట ఉన్నారు. అతను ఏదో కంపెనీలో పనిచేస్తాడు, ఇంగ్లీషు బాగా వచ్చు. భోజనాలకు సాయం చేయడానికి నేనూ కిందనే ఉన్నాను. వియ్యపురాలు పెద్దమ్మను పలకరించడానికి గదిలోకి వచ్చింది. చిన్నమ్మ దిండు సర్దబోతే పెద్దమ్మ అలవాటుగా "డాఫ్ట్ కౌ" అంది.

చిన్నమ్మ ముఖం వెలిగిపోయింది. "విన్నరా వదినా? మా అక్క నన్ను గోమాత అంటది."

అల్లుడు గట్టిగా నవ్వేశాడు. "గోమాత ఏంది అత్తమ్మా? అది తిట్టు. ఆడోళ్లను తిట్టేది. తెలివిలేని గొడ్డు అన్నట్టు."

వియ్యపురాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కూతురూ నవ్వింది. చిన్నమ్మ నా వైపు తిరిగింది.

"నిజమా బిడ్డా?"

అప్పుడు చెప్పవలసింది. అవును, తిట్టే, కానీ ఆ దేశంలో అలా తిట్టినవాళ్లే జ్వరమొస్తే పక్కన కూర్చుంటారు అని చెప్పవలసింది. నాకు ఎమ్మే ఉంది, నోరుంది. అందరూ నన్నే చూస్తున్నారు. "అంటే... అది..." అన్నాను.

సాయంత్రం చుట్టాలు వెళ్లిపోయారు. నేను గిన్నెలు సర్ది మేడమీదికి వెళుతున్నాను. సగం మెట్లెక్కానో లేదో, గదిలోంచి చిన్నమ్మ గొంతు వినిపించింది. అంత పెద్ద గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఆర్నెల్లసంది నీ పియ్యి ఎత్తుతున్న. నన్ను గొడ్డంటవా? అందరి ముంగట నవ్వులపాలు జేస్తవా? ముండా!"

నేను మెట్లమీదే ఉండిపోయాను. కిందికి దిగాలో పైకి పోవాలో తెలియలేదు. చివరికి పైకే పోయాను.

మర్నాడు పొద్దున కాఫీ తీసుకెళ్లి పెద్దమ్మను పలకరించాను. నా వంక చూసింది, ఏమీ అనలేదు. వ్యాయామం నేర్పే అబ్బాయి వచ్చాడు, అతన్నీ ఏమీ అనలేదు. కుడిచెయ్యి పక్కమీద పడి ఉంటే దానివైపు చూడనుకూడా లేదు. చిన్నమ్మ మూడు రోజులు మూతి బిగించుకునే చాకిరీ అంతా చేసింది. నాలుగో రోజు ముద్ద కలిపి పట్టుకుని, "తిను డాఫ్‌కో" అంది మెల్లగా. పెద్దమ్మ నోరు తెరిచింది, తింది. నవ్వలేదు.

"ఒక్కసారి అనవే అక్కా. గొడ్డనే అను. ఏమన్నా అను."

పెద్దమ్మ కళ్లు మూసుకుంది.

డాక్టరును పిలిపించారు. మెదడులో ఇంకోచోట రక్తం ఆగి ఉండొచ్చు, అందుకే ఆ నాలుగు మాటలూ పోయి ఉండొచ్చు అన్నాడు. ఉండొచ్చు అనే అన్నాడు. అదే నిజమైతే బాగుండునని నేనిప్పటికీ కోరుకుంటాను. మూడు వారాలకు, ఒక మధ్యాహ్నం, చిన్నమ్మ తడిగుడ్డతో ముఖం తుడుస్తుండగా పెద్దమ్మ పోయింది.

ఆ మూడు వారాల్లో రోజూ రెండుసార్లు ఆ గది ముందు నుంచే వెళ్లాను, వచ్చాను. చిన్నమ్మను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఇవాళ ఆఫీసుకు ఆలస్యమైంది, ఇవాళ ఆమె మనసు బాగాలేదు, రేపు చెబుదాం అనుకున్నాను. సిగ్గు. అంతే, వేరే కారణమేమీ లేదు.

కర్మకాండలన్నీ అయ్యాక ఒక రోజు చిన్నమ్మ మేడమీదికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆమె ఎప్పుడూ ఆ మెట్లెక్కేది కాదు. గడపలోనే కూలబడి, కాసేపు రొప్పి, అంది.

"ఇప్పుడు నిజం చెప్పు బిడ్డా. అక్క నన్ను ఏమన్నది?"

చెప్పాను. పెద్ద నర్సు సంగతి, పగిలిన ట్రే సంగతి, జ్వరం సంగతి. అది తిట్టేననీ, కానీ పెద్దమ్మ దాన్ని తిట్టుగా ఎప్పుడూ వాడలేదనీ. దానికి సరైన తెలుగుమాట ఏమిటో, అదెందుకు చెప్పలేకపోయానో కూడా చెప్పాను.

చిన్నమ్మ అంతా విన్నది.

"గీ ముచ్చట ముందే చెప్తె అయిపోవు గద. తిట్టు అని చెప్తె ఏమైతుండె? అక్క తిడితె నేను పడనా?"

నేను లేచి ఆమెకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

కొన్నాళ్లకు ఇంగ్లండు నుంచి పెద్దమ్మ పేరున ఒక క్రిస్మస్ కార్డు వచ్చింది. మంచు కప్పిన చెట్టు బొమ్మ, లోపల వణికే చేతిరాత. ఆమెతో వార్డులో పనిచేసిన స్నేహితురాలు రాసింది. చిన్నమ్మ దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "ఉన్నది ఉన్నట్టు చదువు" అంది.

ఉన్నది ఉన్నట్టే చదివాను. "ముసలి గబ్బిలమా, ఇంకా బతికే ఉన్నావా? నా మోకాళ్లు పోయాయి, పళ్లు పోయాయి, నాలుక మాత్రం బాగానే ఉంది."

"గబ్బిలం అన్నదా?" అంది చిన్నమ్మ. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుని, "ఆమెకు చెప్పాలె. రాయి" అంది.

కాగితం తీసుకున్నాను. పడిపోయింది, మాట పోయింది, ఫలానా నెలలో పోయింది, బాధ పడకుండానే పోయింది అని చిన్నమ్మ చెబుతుంటే ఇంగ్లీషులో రాశాను. చివరికి ఆమె అంది.

"నేనన్న మాట గూడ రాయి. ఆఖరుకు చెల్లె గూడ గా మాట అన్నదని రాయి."

కలం ఆగిపోయింది. విడో అని రాశాను. రాసి చూసుకుంటే అందులో తిట్టేమీ లేదు, కొట్టేశాను.

"ఏమైంది?"

"ఆ మాటకు వాళ్ల దగ్గర తిట్టు లేదు చిన్నమ్మా. భర్త పోయినామె అని రాస్తే అది తిట్టని ఆవిడకు తెలియదు. నువ్వన్నది అర్థం కాదు."

చిన్నమ్మ నన్ను నమ్మనట్టు చూసింది. నేను మళ్లీ అబద్ధం చెబుతున్నాననుకుందేమో.

"లేనే లేదా?"

"లేదు."

"గంత పెద్ద దేశంల?" అంది. ఆ తర్వాత తనలో తనే మాట్లాడుకున్నట్టు, "మా అవ్వ పోతె గూడ అక్క ఆ దేశం ఇడిచి రాలేదని ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్న" అంది.

చివరికి, కోపంలో చెల్లెలు ఒక చెడ్డమాట అంది, అందుకు ఆమె చాలా బాధపడుతోంది అని రాశాను. చిన్నమ్మ కింద తెలుగులో సంతకం పెట్టింది. మర్నాడు ఆఫీసుకు పోతూ తపాలా డబ్బాలో వేశాను. జవాబు కోసం చిన్నమ్మ చాలాకాలం చూసింది. పోస్టుమన్ సైకిలు గంట వినపడితే వాకిట్లోకి వచ్చి నిలబడేది. మరుసటి ఏడు కార్డు రాలేదు, ఆ పై ఏడూ రాలేదు. ఆ తర్వాత మావారికి బహదూర్‌పురా అవతలి బడికి బదిలీ అయి, మేం ఆ ఇల్లు ఖాళీ చేశాం.